ఇంట్లో చేసిన బీరు ఫ్రెండ్‌కి ఇస్తే నేరమా? అమెరికా హోమ్‌బ్రూ కథ

ఈ ఎపిసోడ్ ఒక టెర్మినల్ కమాండ్‌తో మొదలుపెడతాను. నేను జాబ్‌లో చేరిన కొత్తలో ఆఫీసులో మ్యాక్ ఇచ్చారు. మొదటి రోజే ఒక సీనియర్ పక్కన కూర్చుని, "ముందు హోమ్‌బ్రూ వేసుకో, మిగతావన్నీ దాంతోనే వస్తాయి" అన్నాడు. వేసుకున్నా. అప్పటి నుంచి రోజూ బ్రూ ఇన్‌స్టాల్ అది, బ్రూ ఇన్‌స్టాల్ ఇది. అందులో సెల్లార్ అంటారు, కెగ్ అంటారు, బాటిల్ అంటారు, ట్యాప్ అంటారు. ఇవేవో కంప్యూటర్ సైన్స్ పదాలు అనుకుని బీటెక్ చదివిన ముఖంతో తలూపేశాను. ఒక్కటి కూడా కాదు. అన్నీ బీరు పదాలే.

ఇంకొకటి. మీలో చాలామందికి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ పేరు తెలిసే ఉంటుంది. 1975 మార్చిలో, కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో ఒక గ్యారేజ్‌లో మొదటి మీటింగ్. స్టీవ్ వోజ్నియాక్ యాపిల్ 1 సర్క్యూట్ డిజైన్ కాపీలు అందరికీ ఫ్రీగా పంచింది ఆ క్లబ్‌లోనే. సొంతంగా ఇంట్లో చేసుకున్నది ఏదైనా హోమ్‌బ్రూ అనడం అప్పటికే అలవాటు, రేడియో సెట్లు చేసుకునేవాళ్ళు కూడా ఆ మాటే వాడేవారు. కానీ ఇక్కడ తమాషా ఏంటంటే, వాళ్ళు ఆ పేరు పెట్టుకున్న 1975లో, ఆ మాటకి అసలు అర్థమైన పని, అంటే ఇంట్లో బీరు చేసుకోవడం, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నాకు ఇది తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. అంత పెద్ద దేశం, ఇంట్లో తుపాకీ పెట్టుకోవచ్చు, వైన్ చేసుకోవచ్చు, బీరు మాత్రం చేసుకోకూడదా? ఎందుకు?

స్టోరీలోకి వెళ్ళేముందు ఒక మాట. ఇది ఎలా చేయాలో నేర్పే వీడియో కాదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం ఏది తయారు చేసినా కేసే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు దాటకపోతే తాగడం కూడా తప్పే. కాబట్టి చూసి, ఎంజాయ్ చేసి, వంటింట్లోకి మాత్రం వెళ్ళకండి. తాగడం ఆరోగ్యానికి మంచిది కాదని నేను వేరే చెప్పక్కర్లేదు, సినిమా హాల్లో ప్రతిసారీ చెప్తూనే ఉన్నారు.

సరే. అసలు బీరు అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. దాన్నే మాల్ట్ అంటారు. దాన్ని వేడి నీళ్ళలో నానబెడితే పిండి పదార్థం చక్కెర అవుతుంది. ఆ తియ్యటి నీళ్ళలో హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు, చేదు, వాసన వాటివల్లే. చల్లార్చి ఈస్ట్ కలిపితే అది చక్కెరని తిని ఆల్కహాల్, గ్యాస్ వదులుతుంది. మన ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే పొంగినట్టే అన్నమాట, సూక్ష్మజీవులు వేరు, లాజిక్ ఒకటే. ఇంట్లో చేసేవాళ్ళు మామూలుగా ఒకసారికి 5 గ్యాలన్లు చేస్తారు. అంటే సుమారు 19 లీటర్లు, దాదాపు 50 సీసాలు.

ఈ 50 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి. ఒక్కడు కూర్చుని 50 సీసాలు తాగడు. తాగకూడదు కూడా. అంటే ఈ హాబీలో పంచుకోవడం అనేది మంచితనం కాదు, లెక్క. మన కల్లు చూడండి. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది, అందుకే చెట్టు కిందే నలుగురు కూర్చుని ఖాళీ చేస్తారు. దాచుకోవడానికి వీల్లేని వస్తువు మనుషుల్ని ఒక చోట కూర్చోబెడుతుంది. బీరు కొన్ని నెలలు ఆగుతుంది, కానీ 50 సీసాలు పెట్టుకుని నువ్వొక్కడివే ఏం చేస్తావు?

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఆ దేశం పుట్టక ముందు నుంచే అక్కడ బీరు ఇంటి పనే. జార్జ్ వాషింగ్టన్ 1757లో తన నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్న రెసిపీ ఇప్పటికీ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. తవుడు, హాప్స్, మొలాసెస్. మొలాసెస్ అంటే చెరకు మడ్డి. థామస్ జెఫర్సన్ పెళ్ళైన కొత్తలో ఆయన భార్య మార్తా ఇంట్లో బీరు చేయించేది.

కానీ జెఫర్సన్ ఇంటి కథలో నేను ఆగాలనుకునేది జెఫర్సన్ దగ్గర కాదు. పీటర్ హెమింగ్స్ అనే మనిషి దగ్గర. ఆయన వర్జీనియాలో ఉన్న మాంటిచెల్లోలో, అంటే జెఫర్సన్ ఎస్టేట్‌లో, బానిస. ముందు వంట నేర్చుకున్నాడు, అన్న జేమ్స్ హెమింగ్స్ దగ్గర. తర్వాత 1813లో జోసెఫ్ మిల్లర్ అనే ఇంగ్లీష్ బ్రూవర్ యుద్ధం కారణంగా అక్కడ చిక్కుకుపోతే, ఆయన దగ్గర మాల్ట్ చేయడం, బీరు చేయడం నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, 1820లో జెఫర్సన్ మాజీ ప్రెసిడెంట్ జేమ్స్ మాడిసన్‌కి లెటర్ రాస్తూ, మీ మనిషిని పంపండి, మా పీటర్ దగ్గర నేర్చుకుంటాడు అని ఆఫర్ ఇచ్చాడు. బయటికి చూస్తే ఇది పక్కింటి వాళ్ళతో విద్య పంచుకోవడం. హోమ్‌బ్రూ కథల్లో దీన్ని చాలా స్వీట్‌గా చెప్తారు. నాకు అంత స్వీట్‌గా అనిపించదు. పంచుతున్నది ఎవరి విద్య? దానికి మంచిపేరు ఎవరికి వచ్చింది? జెఫర్సన్ చనిపోయాక 1827లో ఎస్టేట్ వేలం వేసినప్పుడు పీటర్ హెమింగ్స్‌ని కూడా అమ్మకానికి పెట్టారు. ఆయన బంధువే ఒకరు 1 డాలర్‌కి కొని విడిపించారు. ఆ తర్వాత ఆయన షార్లట్స్‌విల్ అనే ఊళ్ళో స్వేచ్ఛగా, దర్జీగా బతికాడు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ఫాస్ట్ ఫార్వర్డ్. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఇంటి బీరు తగ్గింది. 1920 జనవరిలో ప్రొహిబిషన్ వచ్చింది. దేశం మొత్తం మద్యం బ్యాన్. మనకి 1990లలో ఎన్టీఆర్ గారు పెట్టిన మద్యనిషేధం గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తుంటారు కదా, అది అక్కడ దాదాపు 14 ఏళ్ళు నడిచింది. అక్కడే మన సమస్య పుట్టింది. ఆ చట్టంలో ఇంట్లో పళ్ళ రసం, యాపిల్ సైడర్ చేసుకోవడానికి ఒక సందు వదిలారు. పళ్ళ రసం ఇంట్లో ఉంటే అదే పులుస్తుంది, పులిస్తే వైన్. బీరుకి అలాంటి సందు లేదు.

అయినా జనం ఆగారా? బీరు కంపెనీలు బీరు అమ్మలేక మాల్ట్ సిరప్ డబ్బాలు అమ్మడం మొదలుపెట్టాయి. బడ్‌వైజర్ వాళ్ళది కూడా ఉండేది. రొట్టెలు, కేకులు చేసుకోవడానికి అని యాడ్స్. దేశంలో ఒక్కసారిగా అంతమంది కేకులు చేస్తున్నారంటే నమ్మాలి మనం! జనం ఆ సిరప్‌లో నీళ్ళు, పంచదార, రొట్టెల ఈస్ట్ కలిపి బేస్‌మెంట్‌లో పెట్టేవారు. రుచి ఘోరం. పులవడం పూర్తి కాకముందే సీసాల్లో నింపి మూత బిగిస్తే గ్యాస్ పెరిగి సీసాలు పేలేవి. రాత్రిపూట కింద గదిలోంచి టప్ టప్ మని సౌండ్ వస్తే ఇంటాయన బీరు రెడీ అయిందని పక్కింటివాళ్ళకి తెలిసిపోయేది. హోమ్‌బ్రూ అంటే చెత్త సరుకు అనే పేరు ఆ రోజుల్లోనే పడింది.

1933 డిసెంబర్ 5న ప్రొహిబిషన్ ఎత్తేశారు. అందరూ పండగ చేసుకున్నారు. కానీ కొత్త రూల్స్‌లో, ఇంటి పెద్ద ఏడాదికి 200 గ్యాలన్ల వైన్ పన్ను లేకుండా చేసుకోవచ్చని పెట్టారు, బీరు మాట లేదు. టైపిస్ట్ ఒక పదం కొట్టడం మర్చిపోయింది, అంతే అని ఒక కథ తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది కానీ నేనైతే కొనను. బీరు అప్పటికే పెద్ద ఫ్యాక్టరీల సరుకు, ప్రభుత్వానికి పన్ను వచ్చే సరుకు. ఇంట్లో చేసుకునేవాడి తరఫున ఆ రోజు గదిలో మాట్లాడేవాళ్ళు లేరు అనేది నాకు ఇంకా నమ్మదగ్గట్టు కనిపిస్తుంది. కారణం ఏదైనా, 45 ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఈ 45 ఏళ్ళలో పోలీసులు ఇంటింటికీ వచ్చి రైడ్స్ చేశారని కాదు. పెద్దగా పట్టించుకోలేదు. కానీ చట్టం ఉంది కదా, దాంతో ఒక నష్టం జరిగింది. చేసేవాడు ఎవరికీ చెప్పడు. చెప్పకపోతే ఇంకొకడి దగ్గర నేర్చుకోడు. మంచి ఈస్ట్, మంచి హాప్స్ అమ్మే షాపు ఉండదు. పుస్తకం రాదు. 1930ల నాటి చెత్త రెసిపీయే కాపీ పేస్ట్ అవుతూ 1970 దాకా వచ్చింది. డాక్యుమెంటేషన్ లేని కోడ్ ఎలా ఉంటుందో జాబ్ చేసేవాళ్ళకి తెలుసు.

1970ల చివరికి అమెరికాలో బీరు ఫ్యాక్టరీలు 100 లోపే. ఏ సీసా మూత తీసినా దాదాపు ఒకటే రుచి, పల్చగా, పసుపుగా. దీంతో విసిగిపోయినవాళ్ళు అక్కడక్కడా కలవడం మొదలుపెట్టారు. 1974లో లాస్ ఏంజిలిస్‌లో మాల్టోస్ ఫాల్కన్స్ అనే క్లబ్ పెట్టారు. నేరమైన పనికి క్లబ్! ఇప్పటికీ నడుస్తోంది, అమెరికాలో అన్నిటికంటే పాత హోమ్‌బ్రూ క్లబ్ అదే.

అదే టైమ్‌లో ఇంకొక కుర్రాడు. చార్లీ పపాజియన్. వర్జీనియా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఇంజినీరింగ్ చదివాడు. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు ఏది? షార్లట్స్‌విల్. పీటర్ హెమింగ్స్ దర్జీగా బతికిన ఊరే. యూనివర్సిటీ పెట్టింది జెఫర్సన్. చదువుకునే రోజుల్లో, 1970 ప్రాంతంలో, పపాజియన్ ఒక పెద్దాయన చేసిన హోమ్‌బ్రూ తాగాడు, ప్రొహిబిషన్ కాలం నాటి రెసిపీతోనే. నచ్చింది, తనూ మొదలుపెట్టాడు. డిగ్రీ అయ్యాక రియాక్టర్ల వైపు వెళ్ళకుండా కొలరాడోలో బౌల్డర్ అనే ఊరికి వెళ్ళి చిన్నపిల్లల స్కూల్లో టీచర్ అయ్యాడు, సాయంత్రాలు పెద్దవాళ్ళకి బీరు చేయడం నేర్పేవాడు. మా నాన్నకి ఈ కథ చెప్తే, "అంటే నీలాగే అన్నమాట" అన్నారు. ఇంజినీరింగ్ చదివి వీడియోలు చేసుకునేవాడు ఇంట్లో ఉంటే నాన్నలు అలాగే అంటారు, వదిలేయండి.

ఇప్పుడు చట్టం. కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ దీన్ని పట్టుకున్నాడు. కానీ దీనికోసం ప్రత్యేకంగా పెద్ద బిల్లు ఏమీ రాలేదు. హెచ్.ఆర్. 1337 అని ఒక బిల్లు, కంప్యూటర్ కుర్రాళ్ళూ, 1337 చూసి నవ్వుకోండి, నేనూ నవ్వాను. ఆ బిల్లు పేరు చూస్తే ట్రక్కులు, బస్సులు, ట్రాక్టర్ల మీద ఎక్సైజ్ పన్ను గురించి. అందులో ఇంటి బీరు ముక్క కూడా చేర్చారు. ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ 1978 అక్టోబర్ 14న సంతకం పెట్టాడు, 1979 ఫిబ్రవరి 1 నుంచి అమలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే 200. అమ్మకూడదు. సారాయి కాచడానికి మాత్రం ఈ మినహాయింపు లేదు.

కార్టర్ వల్లే అమెరికాలో మంచి బీరు వచ్చిందని పోస్టర్లు చూస్తుంటాం. ఆయనకి ఇవ్వాల్సింది ఇద్దాం, కానీ ఆయన సంతకం పెట్టింది ట్రక్కుల బిల్లు మీద. అసలు పని అంతకుముందే వంటిళ్ళలో జరిగింది. పపాజియన్ అదే 1978లో చార్లీ మాట్జెన్ అనే ఫ్రెండ్‌తో కలిసి అమెరికన్ హోమ్‌బ్రూవర్స్ అసోసియేషన్ పెట్టాడు. డిసెంబర్‌లో జైమర్జీ అనే పత్రిక మొదటి సంచిక వచ్చేసింది. చట్టం అమల్లోకి రాకముందే! 1984లో ఆయన రాసిన పుస్తకం ఈ హాబీకి పెద్ద బాలశిక్ష అయింది. ఆయన బీరు కలిపిన చెక్క గరిటె ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. గరిటె!

ఇంటి నుంచి కంపెనీ దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జాక్ మెకాలిఫ్ నేవీలో ఉండగా స్కాట్లాండ్‌లో హోమ్‌బ్రూ నేర్చుకుని, 1976లో కాలిఫోర్నియాలో న్యూ ఆల్బియన్ పెట్టాడు, పాల డెయిరీల పాత సామాన్లతో. 1982కి మూతపడింది. కానీ అది చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు మిగిలారు. కెన్ గ్రాస్‌మన్ చీకో అనే ఊళ్ళో హోమ్‌బ్రూ సామాన్ల షాపు నడిపేవాడు. 1980లో సియెర్రా నెవాడా మొదలుపెట్టాడు, అది ఇప్పటికీ పెద్ద పేరు. 100 లోపు ఉన్న ఫ్యాక్టరీలు ఇప్పుడు 9,000 దాటాయి.

కంపెనీల కథ మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నాకు చెప్పాలనిపించేది చిన్నది. మా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బొరోలో ఉంటాడు. లాక్‌డౌన్‌లో వీడు హోమ్‌బ్రూ మొదలుపెట్టాడు. మొదటి బ్యాచ్ 50 సీసాలు. రూమ్మేట్స్ అందరూ మనవాళ్ళే, తాగి "సూపర్ మావా, కంపెనీ పెట్టెయ్" అన్నారు. వీడు నాకు వీడియో కాల్‌లో సీసా చూపించి పొంగిపోయాడు. తర్వాత పరిస్థితులు కుదుటపడ్డాక అక్కడి హోమ్‌బ్రూ క్లబ్ మీటింగ్‌కి నాలుగు సీసాలు పట్టుకెళ్ళాడు. ఒక రిటైర్డ్ పెద్దాయన ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, "త్వరగా సీసాల్లోకి ఎక్కించేశావు కదా?" అన్నాడట. బీరులో వెన్న వాసన. మల్టీప్లెక్స్ పాప్‌కార్న్ మీద వేస్తారే, అదే వాసన. దాన్ని డయాసిటైల్ అంటారు. పులిసేటప్పుడు అది ఎలాగూ పుడుతుంది, ఇంకో రెండు మూడు రోజులు ఈస్ట్‌తోనే వదిలేస్తే ఆ ఈస్టే దాన్ని మళ్ళీ తినేస్తుంది. వీడు తొందరపడ్డాడు. "అంతమంది తాగారు మావా, ఒక్కడూ చెప్పలేదురా" అని నాకు ఫోన్ చేసి బాధపడ్డాడు. "ఫ్రీగా పోశావు కదరా, ఎవడు చెప్తాడు" అన్నాను.

ఇది చిన్న విషయం కాదు. మన ఇంటి వాసన మనకి తెలియనట్టే మన బీరు లోపం మన ముక్కుకి తెలియదు. అందుకే 1985లో బీరు జడ్జిలకి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సిస్టమ్ ఒకటి పెట్టుకున్నారు. 50 మార్కులు. వాసనకి 12, చూడ్డానికి 3, రుచికి 20, నోట్లో ఎలా ఉందో దానికి 5, మొత్తం మీద 10. పేరు చూడకుండా తాగి, తప్పు ఏంటో, ఎందుకు వచ్చి ఉంటుందో రాసిస్తారు. పక్కా కోడ్ రివ్యూ.

మరి ఆ సీసా ఇల్లు దాటకూడదంటే? ఒరెగాన్‌లో సరిగ్గా అదే జరిగింది, 2010లో. క్లబ్బులకి, బ్రూవరీలకి పేరున్న రాష్ట్రం. రాష్ట్ర చట్టంలో ఇంటి బీరుకి మినహాయింపు ఇంట్లో తాగడానికి మాత్రమే అని పాత మాట ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ చూడలేదు. ఆ ఏడాది లాయర్లు చూశారు. ఇంట్లో చేసుకో, ఇంట్లోనే తాగు, గడప దాటించకు అని తేలింది. ఆ దెబ్బకి స్టేట్ ఫెయిర్‌లో జరగాల్సిన హోమ్‌బ్రూ పోటీ క్యాన్సిల్. ఫెడరల్ రూల్స్ పోటీలకి, టేస్టింగ్‌లకి తీసుకెళ్ళొచ్చు అంటాయి, రాష్ట్రం కాదంటుంది. మావాడు ఆ నాలుగు సీసాలు పదేళ్ళ ముందు పట్టుకెళ్ళి ఉంటే తప్పు చేసినట్టే. జనం గోల చేశారు, 2011లో చట్టం మార్చారు.

గమనించారా, వాళ్ళు పోరాడింది తాగే హక్కు కోసం కాదు, షాపులో బీరు కావలసినంత ఉంది. అమ్ముకునే హక్కు కోసం కూడా కాదు. నేను చేసింది నీకు ఇచ్చి, ఎలా ఉందో చెప్పు అని అడిగే హక్కు కోసం.

అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. చివరివి అలబామా, మిసిసిపి. అలబామాలో అయితే మూడు నెలలకి 15 గ్యాలన్లే, అంటే 57 లీటర్లు, మూడు బ్యాచ్‌లు. కార్టర్ సంతకానికీ దీనికీ మధ్య 35 ఏళ్ళు!

మావాడి సంగతి చెప్పి ముగిస్తా. రెండో బ్యాచ్ అయిదు రోజులు ఎక్కువ వదిలేశాడు. మళ్ళీ అదే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి వెన్న లేదట, కానీ తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందన్నాడట. నింపేటప్పుడు గాలి తగిలింది. "మూడోది చూడు మావా" అంటున్నాడు.

నేను ఇక్కడ కూర్చుని ఏం చూస్తాను, ఫోన్‌లో సీసా రంగు చూస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో ఆ మెన్లో పార్క్ గ్యారేజ్‌లోకి వెళ్దాం, వోజ్నియాక్ అంత మంచి డిజైన్ ఫ్రీగా ఎందుకు పంచాడో చూద్దాం. మీ క్లాస్‌లో మ్యాక్ వాడేవాడు ఉంటే ఈ వీడియో పంపించండి, కెగ్ అంటే ఏంటో అడగండి. ఉంటాను, బై.